నైట్రేటు అయిపోయిన వారం

ఫిషింగ్ హార్బరు మూడో జెట్టీ పక్కన
డీజిలు ఇంకి నల్లబడ్డ మట్టిని
చెంచాతో సీసాలోకి ఎత్తుతుంటే
బోటింజను విప్పుకుని కూర్చున్న దానయ్య నవ్వాడు:
"ఏటమ్మా, బంగారం గాని దొరికిందేటి?"

పురుగులన్నాను. కంటికి ఆనని పురుగులు.
నూనె తిని సబ్బు చేస్తాయన్నాను.
"అయితే మా ఆడోళ్లకి నాలుగు ఇచ్చీ" అన్నాడు
మసి చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

అది వేట నిషేధం మొదలైన వారం.
పడవలన్నీ పనిలేని మనుషుల్లా
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటున్నాయి.

పెదవాల్తేరు బజ్జీల బండి గున్నమ్మ
కాచి కాచి పారబోయబోయిన నూనెని
లీటరు పది రూపాయలకి తెచ్చి
వడగట్టి ఫ్లాస్కుల్లో పోశాను.
అది వాటికి అన్నం.
అన్నం ఒక్కటీ చాలదు కదా,
నత్రజనికి నైట్రేటు, చిటికెడు ఫాస్ఫేటు,
గోరంచున ఇనుము.
ఆరు ఫ్లాస్కులకీ పెళ్లిభోజనం పెట్టి
పులియడానికి వదిలాను.

తిన్నాయి. పిల్లల్ని, పిల్లల పిల్లల్ని కన్నాయి.
రాత్రంతా షేకరు మీద ఊగి ఊగి
నీరు ఆకుపచ్చగా చిక్కబడింది.
బిరడా తీస్తే పండిన ద్రాక్ష వాసన.
సబ్బు మాత్రం లేదు.
పళ్లెంలో పరిచిన నూనెపొర మీద చుక్క వేస్తే
ఫైల్లోంచి తల ఎత్తని గుమాస్తాలా
నూనె కదల్లేదు.

ఏడోసారికి నైట్రేటు డబ్బా అడుగంటింది.
ఇండెంటు పెట్టి రెండు నెలలు.
స్టోర్సు అచ్యుతరామయ్యగారు
కాయితం పైకెళ్లిందన్నారు. పైన ఎక్కడో చెప్పలేదు.
డబ్బా బోర్లించి తట్టి
రాలినదాన్ని తూచాను: మూడోవంతు.
వేసేశాను. మేడమ్‌కి చెప్పలేదు.
నోట్‌బుక్కులో మాత్రం పెన్సిలుతో రాసుకున్నాను,
చెరపడానికి వీలుగా.

మూడోనాటి పొద్దున
షేకరు చుట్టూ నేలంతా నురగ.
దూదిబిరడాలు తోసుకుని
ఆషాఢం కెరటంలా గచ్చు మీదికి దిగి
నా చెప్పులదాకా వచ్చింది.
భయపడి ముందు ఫినాయిలు వెతికాను.
తర్వాత గుర్తొచ్చి పళ్లెం తెచ్చాను.
ఒక్క చుక్క.
ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు
నూనె నాలుగు పక్కలా ఒదిగి చోటిచ్చింది.
నడుమ గాజు కనబడేంత శుభ్రమైన గుండ్రం.
స్కేలు పెట్టాను. ఏడు సెంటీమీటర్లు.
మళ్లీ పెట్టాను.

సత్యవేణి మేడమ్ పెన్సిలు రాత చూసి
కోప్పడలేదు. పెన్ను ఇచ్చింది.
"పిల్లల్ని కనడానికి నత్రజని కావాలి.
ఆ సబ్బులో నత్రజని ఉండదు.
ఒళ్లు పెంచే సరుకు తీరిపోయి
నూనె మాత్రం మిగిలితే
ఇంకేం చేస్తాయి మరి?"

అప్పట్నుంచి తూకాలే తూకాలు.
అసలు నైట్రేటే వెయ్యని ఫ్లాస్కు
ఆరు రోజులైనా తేటగా ఉండిపోయింది.
అందులో ఎవరూ పుట్టలేదు, ఎవరూ పని చెయ్యలేదు.
మొదట కొంత పెట్టాలి,
కాళ్లు నిలదొక్కుకోవాలి,
ఆ తర్వాతే తరగాలి.
ఆ గీత ఎక్కడుందో వెతకడంలోనే
ఎండాకాలం ముప్పాతిక గడిచింది.

నిషేధం యాభయ్యో రోజున
పురుగుల్ని తీసేసి వడగట్టిన నీటితో
చిన్న సీసా పట్టుకుని జెట్టీకి వెళ్లాను.
దానయ్య చేతుల మీద నాలుగు చుక్కలు.
గ్రీజు జారి, ఏళ్లనాటి గీతలు బయటపడ్డాయి.
అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.
ఎలా చేశానో చెప్పాను, కాస్త గర్వంగానే:
తిండి తగ్గిస్తేనే ఇస్తాయి అని.

ఆయన సీసా మూత బిగించి నా చేతిలో పెట్టాడు.
"పురుక్కి ఆకలేస్తే సబ్బు చేత్తాదేమో.
మాకు ఆకలేస్తే అప్పు చేత్తాం.
రాసినప్పుడు ఆ రెండూ కలిపీకు తల్లీ."

బస్సులో థీసిస్ కాగితాలు తీసి
"ఆకలి" అన్న మాట కొట్టేశాను.
నత్రజని తక్కువ, అని రాశాను.
నూనె పుష్కలంగా ఉన్నప్పుడు, అని పక్కన ఇరికించాను.
జగదాంబ దగ్గర బ్రేకు పడి
సంచిలో సీసా కారినట్టుంది.
ముందు సీటావిడ వెనక్కి తిరిగి
"ద్రాక్షపళ్లు ఎక్కడ కొన్నారండీ" అనడిగింది.